కుండకు చిల్లి యున్నదన్న మాట

గడచిన మాసమున కృష్ణాతీరమునందలి యొక పల్లెనుండి మాకొక సోదరీమణి జాబు వ్రాసినది. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. పాలకేంద్రమునకు పాలు పోయువారు తమ లెక్కలు చూచుకొనుట కనుకూలముగా నతడొక చిన్న ప్రోగ్రాము తయారుచేసి, దాని కోడును ఎవరైనను చదువవచ్చును, వాడుకొనవచ్చునని లోకమునకు తెరచి పెట్టినాడు. ఊరిలో పదునైదిండ్లవారు దానిని వాడుచున్నారు. ఇట్లుండగా ముక్కుమొగ మెరుగని మనిషి యొకడు ఇంగ్లీషున లేఖ పంపెను. ఆ ప్రోగ్రామునందు మూడు ఘోరమైన భద్రతా లోపములు కలవనియు, వారములోపల తగిన బహుమానము పంపనిచో లోకమునకు చాటెదననియు దాని సారాంశము. ఆ బాలుడు రెండు దినములనుండి సరిగా అన్నము తినుట లేదట. "ఇంటి తలుపులు మనమే తెరచి పెట్టుకొని, దొంగలు వచ్చిరని యేడ్వనేల? అంతయు తీసివేయుమని వానితో చెప్పితిని. మీ అభిప్రాయమేమి?" అని ఆ తల్లి మమ్మడిగినది.

ఆమె భయమును మేము తప్పు పట్టము. కాని ఆమె పోలికలో నొక చిన్న పొరపాటు కలదు. కోడును తెరచి పెట్టుట యన తలుపు తెరచి పెట్టుట కాదు. తాళము ఎట్లు కట్టబడినదో నలుగురికి చూపుట మాత్రమే. తాళపుచెవి ఎవరిది వారియొద్దనే యుండును. ఇట్లు చూపబడిన సాఫ్టువేరును ఓపెన్ సోర్సు అందురు. ఇదేమో కుర్రవాండ్ర వినోదమని తలపవలదు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ ఇట్టిదే. మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులన్నియు దానిమీదనే నడచుచున్నవి. కావున ఈ జాబు ఒక్క బాలునికి సంబంధించినది కాదని తలచి ఇచ్చట సమాధానము వ్రాయుచున్నాము.

కుండకు చిల్లి యున్నదని పొరుగామె చెప్పినచో మన మేమి చేయుదుము? కుండను పగులగొట్టము, పొరుగామెను తిట్టము. నీళ్లు పోసి చూతుము. ప్రోగ్రాములకును అదియే పరీక్ష. లోపమున్నదని చెప్పినవాడు ఏ వెర్షనులో నున్నది, ఏమి చేసిన కనబడును, దానివలన ఎవనికేమి నష్టము అను సంగతులు చెప్పవలెను. కోడు యజమాని అతడు చెప్పినట్లే చేసి, అదే ఫలితమును తన కన్నులతో చూడవలెను. కనబడినచో చిల్లి యున్నది. కనబడనిచో ఇంకను వివరములడుగవలెను. చెప్పినవాడెంత పెద్దవాడైనను, ఎంత పెద్ద గొంతుతో చెప్పినను, నీటిపరీక్షకు బదులుగా నేదియు పనికిరాదు.

ఈ పరీక్ష చేయకుండ కేకవేసినచో ఏమగునో కర్ల్ అను ప్రోగ్రాము చరిత్రవలన తెలియును. ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ఇంటర్నెట్టు మార్గమున సమాచారమును తెచ్చి యిచ్చు సాధనమిది. ఫోనులు, టెలివిజనులు, కారులు మున్నగు ఎన్నో వస్తువులలో ఇమిడియున్నది. స్వీడనుకు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో దీనిని వెలువరించి నాటినుండి పోషించుచున్నాడు. తెచ్చుపని మొదటిసారి విఫలమైనచో ఇన్ని సెకనులాగి మరల ప్రయత్నింపుమని దీనికి చెప్పవచ్చును. ఆ సెకనులను ప్రోగ్రాము లోపల వేయితో గుణించి మిల్లీసెకనులుగా మార్చుకొనును. ఎవడైన మితిమీరిన సంఖ్య నిచ్చినచో, గుణించగా వచ్చిన మొత్తము దానికి కేటాయించిన గదిలో పట్టక పొంగిపోవును. గది 32 బిట్లదైనచో, దాదాపు 25 దినములు ఆగుమనిననే పొంగును. ఫలిత మేమనగా, అంతకాలము ఆగవలసిన ప్రోగ్రాము తక్కువకాలమే యాగును. అంతే! ఎవరి సొమ్మును పోదు, ఎవరి రహస్యమును బయటపడదు. 2019లో ఎవరో ఈ సంగతి చెప్పగా కర్ల్‌వారు సామాన్యమైన బగ్గుగా నెంచి సరిచేసిరి.

నాలుగేండ్లు గడచిన పిమ్మట, 2023 ఆగస్టులో, ఆ చచ్చిన పామునే యెవరో మరల చంపిరి. లోపములకు క్రమసంఖ్య లిచ్చు అంతర్జాతీయపు పట్టికలో అది భద్రతా లోపముగా నమోదయ్యెను. అమెరికా ప్రభుత్వపు లోపముల నిధివారు దాని తీవ్రతను 10కి 9.8 అని లెక్కగట్టిరి. కర్ల్‌వారిని ముందుగా నడిగినవారు లేరు. 9.8 అనిన ఊరు తగులబడుచున్నదన్నంత మాట. స్టెన్‌బర్గ్ బహిరంగముగా నిరసన తెలిపిన పిదప ఆ సంఖ్య 3.3కు దిగినది. గోరంతను కొండంత చేయుట మన వీథులలోనే గాక అచ్చటను గలదన్నమాట. తరువాత, 2024 జనవరినుండి, తమ ప్రోగ్రామునకు సంబంధించిన లోపములకు తామే క్రమసంఖ్య లిచ్చు అధికారమును కర్ల్‌వారు సంపాదించుకొనిరి.

అంతటితో బాధ తీరలేదు. నిజమైన లోపమును చూపినవారికి కర్ల్‌వారు 2019నుండి బహుమాన మిచ్చుచుండిరి. కృత్రిమమేధ యంత్రములు వచ్చిన పిదప, కోడు చదువనేరనివారు సైతము ఆ యంత్రముచేత చక్కని ఇంగ్లీషులో నొక ఫిర్యాదు వ్రాయించి పంపసాగిరి. చూచుటకు శాస్త్రీయముగా నుండును, నీరు పోసిన చిల్లి కనబడదు. కొన్నిటిలో పేర్కొన్న కోడు కర్ల్‌లో ఎన్నడును లేనిదే. 2025లో వచ్చిన ఫిర్యాదులలో నూటికి ఐదో, అంతకు తక్కువో మాత్రమే నిజములని స్టెన్‌బర్గ్ వ్రాసెను. ఇంతలో అదే యేడు వేరొక పరిశోధకుడు ఇట్టి యంత్రసాధనములతోనే వెదకి, తానుగా పరిశీలించి పంపిన జాబితావలన అనేకములైన నిజమైన బగ్గులు సరిచేయబడినవి. ఆయనను కర్ల్‌వారు మెచ్చుకొనిరి. సాధన మొకటే, చేయి వేరు. అయినను బూటకపు ఫిర్యాదుల ప్రవాహ మాగనందున 2026 జనవరి చివర బహుమానముల పద్ధతిని మూసివేసిరి. ఒక్కొక్క అబద్ధమును అబద్ధమని తేల్చుటకు ముగ్గురు నలుగురు గంటలకొలది కూర్చుండవలసి వచ్చుచుండెనట. వారిలో పెక్కురు తమ తీరికవేళలను ధారపోయువారు. ఇంటిపని యంతయు ముగించుకొని రాత్రి పదిగంటలకు కూర్చుండు స్త్రీలకు తీరికవేళ విలువ మేము చెప్పనక్కరలేదు.

అట్లని "నాన్నా, పులి" అన్న ప్రతి కేకను త్రోసివేయుటయు ప్రమాదమే. 2024 మార్చిలో నిజముగనే పులి వచ్చెను. దానిని చూచినవాడు కేకవేయలేదు, పాదముద్రలు చూపెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు పనిలో నేర్పరి, తన యంత్రముమీద వేగపరీక్షలు చేసికొనుచుండెను. దూరమునుండి కంప్యూటరులోనికి ప్రవేశింపనిచ్చు ఎస్‌ఎస్‌హెచ్ అను ద్వారపాలకుని వంటి ప్రోగ్రాము 0.299 సెకనులో ముగించవలసిన పనికి 0.807 సెకనులు తీసికొనుట చూచెను. తేడా అరసెకను. పోపులో ఆవాలు చిటపటలాడుట కింతకంటె నెక్కువ కాలము పట్టును! మరియొకడైన ఊరకుండును. ఆయన కొన్ని వారములక్రింద వేరొక పరీక్షలో కనబడిన వింత సూచనలు గూడ జ్ఞాపకము వచ్చి తవ్వసాగెను.

మొదట ఆయన, లైనక్స్‌ను కూర్చి పంచిపెట్టు డెబియన్‌వారి మూటలో నెవరో చేయిపెట్టి యుందురని యనుకొనెను. ఆ మాట అప్పుడే అని యుండినచో నిర్దోషులమీద నింద పడియుండెడిది. తవ్వగా దోషము ఇంకను పైన, మూలమునందే, కనబడెను. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను సాధనముయొక్క 5.6.0, 5.6.1 వెర్షనులలో దొంగదారి యొకటి పెట్టబడియుండెను. ఒకానొక రహస్యపుచెవి గలవాడు ఆ దారిన వచ్చి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారమున తన యిచ్చవచ్చిన యాజ్ఞలు నడిపింపవచ్చును. దొంగ సరకు పరీక్షకొరకుంచిన నమూనా ఫైళ్లలో దాగియుండెను. దానిని మేల్కొలుపు మంత్రము మాత్రము అందరు చదువు కోడులో లేదు. ఇంటింటికి పంపు మూటలో మాత్రమే యున్నది. వాకిట నారబోసిన ధాన్యము వేరు, బస్తాలో కుట్టినది వేరు అన్నట్లు!

ఈ పని చేసినది జియా తాన్ అను పేరు పెట్టుకొన్నవారు. రెండేండ్లకు పైగా బుద్ధిగా సహాయముచేసి, నమ్మకము సంపాదించి, తాళపుచెవులు చేజిక్కించుకొనిరి. ఎక్స్‌జెడ్‌ను జీతము లేక ఒంటరిగా పోషించు నిర్వాహకుని, పని ఆలస్యమగుచున్నదనియు ఇంకొకరికి పెత్తనమీయుమనియు వేరువేరు పేర్లతో సాధించినవారును గలరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడందురు. ఇచ్చట అరసెకను పట్టినది. ఫ్రాయిండ్ మొదట రహస్యముగా బాధ్యులకు తెలిపి, మార్చి 29న తన లెక్కలతో, ఆధారములతో లోకమునకు చెప్పెను. దాని తీవ్రత 10కి 10. అప్పటికి ఆ వెర్షనులు చాలవరకు పరీక్షాదశలోని లైనక్స్ కూర్పులకే చేరియుండుటచే గొప్ప యాపద తప్పెను.

లేని గండమునకు 9.8, ఉన్న గండమునకు 10. సంఖ్యలు మాత్రము చూచువారికి ఈ రెంటికి నడుమ ఏమి భేదము తెలియును?

కోడు తెరచియుండుటచేతనే అంతయు క్షేమమని మేము చెప్పుట లేదు. పదిమందిలో పాము చావదను సామెత ఈ రంగమునకు చక్కగా తగును. అందరును చూడవచ్చునన్నచోట, ఎవరో చూచియుందురని అందరును ఊరకుందురు. కాని ఫ్రాయిండ్ పోయి తవ్వగలుగుట కోడు తెరచియున్నందుననే గదా! మూసిన పెట్టెయైనచో, అరసెకను ఆలస్యమగుచున్నదని కంపెనీకి వ్రాసి ఎదురుచూచుటయే ఆయనకు మిగిలెడి పని.

ఇక "లోకమునకు చాటెదను" అను బెదరింపు మాట. 2010 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ అను వ్యవస్థకు నాయకుడైన థియో డి రాట్‌కు రహస్యముగా నొక లేఖ వచ్చెను. పదేండ్లక్రింద అమెరికా నేరపరిశోధక శాఖ సొమ్ము తీసికొని కొందరు తమ కోడులో దొంగదారులు పెట్టిరని అందలి ఆరోపణ. ఆయన దానిని దాచలేదు. కోడు వాడువారు పరీక్షించుకొందురు గాక, నిందపడినవారు బదులు చెప్పుకొందురు గాక యని లేఖను తానే బయటపెట్టెను. పలువురు కోడు తిరుగవేసి చదివిరి. సామాన్యమైన బగ్గులు బయటపడి సరిచేయబడినవి. చెప్పిన దొంగదారి మాత్రము దొరకలేదు. ఆయన అట్లు చేయుట సరియే యని మా యభిప్రాయము. గుసగుసగా నున్న నింద ఎన్నటికిని తీరదు.

కావున సోదరికి మేమిట్లు వ్రాసితిమి. బాలుడు ప్రోగ్రామును తీసివేయనక్కరలేదు, సొమ్ము పంపనక్కరలేదు. బహుమానము ముందుగా ప్రకటించినవారే ఇయ్యవలెను గాని, అడిగినవాని కెల్ల ఇయ్యవలెనను నియమము లేదు. మర్యాదగా వివరములడిగి, మూడింటికి మూడుమార్లు నీరు పోసి చూడవలెను. మంచి పరిశోధకులు లోపమును ముందు యజమానికి చెప్పి గడువిత్తురు. గూగుల్ సంస్థయందలి ప్రాజెక్టు జీరో వర్గమువారి వాడుక 90 దినములు. వారము గడువిచ్చి సొమ్మడుగుట ఆ మర్యాద కాదు. అయినను చెప్పినవాడు దుష్టుడైనంత మాత్రమున చెప్పినది అబద్ధము కాజాలదు, ఈ సంగతి బాలుడు మరువరాదు.

మొన్న రెండవ జాబు వచ్చినది. మూడింటిలో మొదటిది, కోడు అందరికిని కనబడుచున్నదనుట. అది కోరి చేసినదే. రెండవది, ప్రోగ్రాములో చేర్చుకొన్న యొక పాత సాధనమునకు పట్టికలో లోపముగా సంఖ్య యున్నదనుట. చూడగా ఆ లోపమున్న భాగమును ఇతడసలు వాడుటయే లేదు. మూడవది, లెక్కపుట చిరునామాలోని చివరి సంఖ్య మార్చినచో ఇంకొకరి లెక్క కనబడుననుట. బాలుడు తన పినతల్లి యనుమతితో ఆమె సంఖ్య వేసి చూచెను. ఆమె ఆరు నెలల పాలడబ్బు వరుసగా కన్నులయెదుట నిలిచెను!

ఇది చిన్న లోపము కాదు. పాలడబ్బు పెక్కిండ్లలో ఇల్లాలి సొంత సొమ్ము. అందులో నెంత ఖర్చైనది, ఎంత మిగిలినది అత్తగారికిని తెలియనీయనివారు గలరు. బాలుడా రాత్రియే దానిని సరిచేసి, తెల్లవారి పదునైదిండ్లకును పోయి జరిగినది చెప్పెనట. లోపము చూపిన మనిషి పేరు మార్పుల పట్టికలో వ్రాసి, కృతజ్ఞత తెలిపి, సొమ్మీయజాలనని జాబు పంపెనట. ఇంటింటికి పోయి చెప్పునపుడు వానికెంత సిగ్గైనదో తల్లి వ్రాయలేదు గాని మేమూహింపగలము.

ఒక యింటి పెద్దమ్మ మాత్రము, "ఇన్నాళ్లుగా నా లెక్క ఎవరు చూచిరి?" అని యడుగుచున్నదట. అది న్యాయమైన ప్రశ్న. ఎవరే పుట ఎప్పుడు తెరచిరో వ్రాసికొను లాగు ఫైళ్లు యంత్రమునందుండును. లోపమును మూయుటతో పని తీరదు, వానిని తిరుగవేసి ఆమెకు బదులు చెప్పుటయు అతని విధియే. పరీక్షలు దగ్గరపడినను దినమున కొక గంట దానికై కూర్చుండుచున్నాడట. పండుగలోపల ఆమె యింటికి పోయి, ఉన్నదున్నట్లు చెప్పెదనని మాట యిచ్చినాడని ఆ సోదరి వ్రాసినది.