ఏ నీళ్ళలోకి వదిలాం?

అక్వేరియంలో చేప చచ్చి తేలితే మన ఇళ్ళలో సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఇంటికి రావలసిన కీడేదో అది తీసుకుపోయిందంటాం. కాదంటే, అమ్మినవాడు జబ్బు చేపను అంటగట్టాడంటాం. దాన్ని ఏ నీళ్ళలోకి వదిలామన్నది మాత్రం ఎవరమూ అడగలేదు.

పిల్లలు అడిగారని ఆదివారం సాయంత్రం తొట్టి కొంటాం. దాంతోపాటే డజను నియాన్ టెట్రాలు, నాలుగు గప్పీలు. రాత్రికల్లా కుళాయి నీళ్ళు నింపి, లైటు వేసి, బంధువులకు ఫొటోలు పంపేస్తాం. నీళ్ళు తేటగా ఉన్నాయి గనక మంచివేననుకుంటాం. మనకు రోగాలు రాకుండా అందులో కలిపిన క్లోరినే చేప మొప్పలను కాల్చేస్తుంది. యాంటీ క్లోరిన్ నాలుగు చుక్కలు వేస్తే తీరిపోయే సంగతి అది. అదీ చాలామందిమి చేయలేదు.

క్లోరిన్ పోయినంత మాత్రాన తొట్టి సిద్ధమైనట్టు కాదు. చేప మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గానూ, ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో కుదురుకోవాలి. కొత్త తొట్టిలో అందుకు మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపలు లేకుండానే ఫిల్టరు నడిపి, రోజూ చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ఆగాలి. మనం ఒక్క రాత్రి ఆగలేదు.

నియాన్ టెట్రా అమెజాన్ ప్రాంతపు మెత్తని, కాస్త ఆమ్లగుణమున్న నీళ్ళలో పుట్టిన చేప. దాన్ని మన కుళాయిలో వచ్చే, పప్పు ఉడకనివ్వని బోరు నీళ్ళలో వేశాం. అలాంటి నీళ్ళకు పి.హెచ్. కూడా సాధారణంగా ఎక్కువే. అది 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం సుమారు పదింతలవుతుంది. రెండు మూడు రోజులకే టెట్రా ఒంటి మీది నీలిగీత వెలిసిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, మొప్పలు గబగబా కొట్టుకుంటాయి. నైట్రైట్ ఎక్కితే రక్తం గోధుమరంగుకు మారి ప్రాణవాయువును మోయలేదు. ఆకలేమో అనుకుని మనం ఇంకాస్త మేత వేశాం.

తెలియని జాతి కాదు మనది. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల రైతులు చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్ళు పెట్టి, బ్లీచింగ్ ఘాటు పోయేదాకా ఆగి, ల్యాబులో నీళ్ళు చూపించుకునిగానీ సీడు వదలరు. అక్కడ పెట్టుబడి పోతుందన్న భయం ఉంది. మన దగ్గర పోయేది కొద్ది రూపాయల చేప. అందుకే ఆగలేదు. ఈ మాట ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, కానీ ఇంతకు మించిన కారణం కనబడదు.

సగం చేపలు పోయాక చేసింది ఇంకా ఘోరం. తొట్టి మొత్తం ఖాళీ చేసి, స్పాంజిని కుళాయి కింద పిండి పిండి కడిగాం. అప్పుడప్పుడే కుదురుకుంటున్న బ్యాక్టీరియా కాస్తా కొట్టుకుపోయింది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే దాన్ని మెల్లగా జాడించాలి. మనం తళతళలాడేలా కడిగి, మళ్ళీ కొత్త నీళ్ళు నింపి, ఆ సాయంత్రమే మరో డజను తెచ్చాం.

రంగురాళ్ళకు, ప్లాస్టిక్ మొక్కలకు, బుడగలు వదిలే బొమ్మకు లెక్కచూడకుండా డబ్బిచ్చిన మనం అమ్మోనియా టెస్ట్ కిట్ ఉందా అని అడగలేదు. అడిగేవాళ్ళు లేరు గనక చాలా దుకాణాలవాళ్ళు దాన్ని తెప్పించడం లేదు.