ఓర్వకల్లు నేలకు తగిన విమానము

2025 అక్టోబరు 27వ తేదీన మాస్కో నగరమున మన హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారును, రష్యా దేశపు యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్‌వారును ఒక అవగాహన పత్రముపై సంతకములు చేసిరి. ఎస్.జె.-100 అను చిన్న జెట్ విమానమును ఈ దేశపు ప్రయాణీకుల నిమిత్తము ఈ దేశముననే తయారుచేయుట ఆ పత్రముయొక్క ఉద్దేశము. ఆ వార్త వినినప్పుడు ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత మాకు జ్ఞప్తికి రాకపోలేదు. అయినను దీనిని నవ్వి త్రోసిపుచ్చుటకు వీలులేదు. కర్నూలు, కడప జిల్లాలవారికి ఇందు మేలును కలదు, మోసపోవుటకు దారియును కలదు.

కడప విమానాశ్రయము చిరకాలము నిరుపయోగముగా పడియుండి, 2015 జూన్ 7న మరల తెరువబడెను. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద హైదరాబాదునకు రాకపోకలు మొదలాయెను. వానిని నడపిన కంపెనీ 2022లో తన విమానములను నిలిపివేసెను. ఓర్వకల్లు విమానాశ్రయము, 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేర 2021 మార్చి 25న ప్రారంభోత్సవము జరుపుకొని, మూడు దినములకు బెంగుళూరు, చెన్నపట్నము, విశాఖపట్నములకు ప్రయాణీకులను పంపసాగెను. ఈ సేవలకు వాడినవి డెబ్బదికి పైగా ఆసనములుగల ఏ.టి.ఆర్. జాతి పంఖాల విమానములు. చమురు తక్కువ త్రాగును, చిన్న రన్‌వే చాలును. మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరమునకు వానిని మించినవి లేవు. కాని ఢిల్లీ మాటయేమి? కర్నూలునుండి ఢిల్లీ గగనమార్గమున సుమారు 1,400 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోవు విమానముతో మూడు గంటల పని. పెద్ద జెట్టును రప్పింతమన్న, దినదినము నూట ఎనుబది ఆసనములు నింపగల ప్రయాణీకులు కర్నూలులో దొరకుదురని నమ్ము వర్తకుడెవడు? ఈ రెంటి నడుమనున్న వెలితిని పూరింపవలసినది నూరాసనముల జెట్టు. ఇట్టివి రెండువందలకు పైగా రానున్న పదేండ్లలో దేశమునకు కావలెనని హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారు తమ ప్రకటనలో చెప్పియున్నారు.

ఎస్.జె.-100 కొలతలు చూతము. పొడవు సుమారు 30 మీటర్లు. రెక్కల వెడల్పు 28 మీటర్లకు కొంచెము తక్కువ. రెక్కల క్రింద రెండు ఇంజనులు. ఒక్కొక్క వరుసకు ఐదుగురు చొప్పున నూరుమందికి చోటు. వేగము గంటకు ఎనిమిదివందల కిలోమీటర్లకు పైచిలుకు. ఈ జాతి విమానము తన సాధారణ రూపమున సుమారు 3,000 కిలోమీటర్లు పోగలదు. నిండు బరువుతో లేచుటకు సుమారు 1,730 మీటర్ల పరుగు కావలెను. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లతో నిర్మింపబడినది కనుక లెక్క సరిపోయినట్లే తోచును. ఆ లెక్క సముద్రమట్టమున, 15 డిగ్రీల చల్లదనమున వేసినదని మరువరాదు. మే నెల మధ్యాహ్నమున మన సీమలో 42 డిగ్రీలు వింతకాదు. కర్నూలు నేలయో సముద్రమునకు 270 మీటర్ల పైనున్నది. వేడెక్కిన గాలి పలుచబడును. మన లెక్కకు పదింట ఒకవంతుకు పైగా పలుచబడును. రెక్కకు ఎత్తుబలము తగ్గును, ఇంజనుకు త్రోపు తగ్గును, పరుగు పొడవగును. అప్పుడు ప్రయాణీకులనైనను దింపవలెను, చమురునైనను తగ్గింపవలెను. కడప జిల్లానుండి కువైటునకు కూలికి పోవు మన సోదరులు వేలాదిమంది. ఆ దూరము 3,500 కిలోమీటర్లకు మించును. దూరప్రయాణపు రూపమైన మరియొక రకము అంత దూరము పోగలదు గాని, దానికి 2,050 మీటర్ల పరుగు కావలెను, అదియును చల్లని నేలమీద! కువైటునకు చేరగల విమానము మన రన్‌వేనుండి నిండుగా లేవలేదు. మన రన్‌వేనుండి లేవగలది కువైటునకు చేరలేదు.

ఇక ఈ విమానము పుట్టుపూర్వోత్తరములు. సుఖోయ్ సూపర్‌జెట్ అను పేర ఇది 2008 మే 19న మొదట ఎగిరెను; 2011లో ప్రయాణీకులను మోయ నారంభించెను. 2012లో ఇండొనీసియా కొండను ఢీకొని 45 మంది, 2019లో మాస్కోలో దిగునప్పుడు మంటలంటుకొని 41 మంది మరణించిరి. ఇంజనులో సగము ఫ్రెంచివారిది. లోపలి యంత్రభాగములలో అనేకములు పాశ్చాత్యులవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధము కారణముగా పాశ్చాత్యులు ఆంక్షలు విధింపగా ఆ భాగముల రాక నిలిచెను. రష్యావారు సుమారు నలువది వ్యవస్థలను మార్చి, పి.డి.-8 అను తమ సొంత ఇంజనును తగిలించి, 2025 మార్చిలో దానితో మొదటిసారి ఎగురవేసిరి. ఎరువు సొమ్ము బరువు చేటని వారు ఇంత ఖర్చుపెట్టి నేర్చుకొనిరి. ఆ విమానమునే మనము తెచ్చుకొని, రేపు వారి ఇంజనుకై చేయి చాచి నిలువబడుదుమా?

ఈ దారి మనమొకసారి నడచినదే. 1940లో బెంగుళూరున వాల్‌చంద్ హీరాచంద్‌గారు స్థాపించిన సంస్థయే నేటి హిందూస్థాన్ ఏరోనాటిక్స్. (మన విశాఖపట్నపు ఓడల కర్మాగారమునకును మూలపురుషుడాయనయే.) ఆ సంస్థ 1961నుండి 1988వరకు ఆవ్రో హెచ్.ఎస్.-748 విమానములను చేసెను. నమూనా బ్రిటిషువారిది, ఇంజనును వారి నమూనాయే. ఇరువదియేడు సంవత్సరములు చేసిన చేతులు, ఆ పని ముగియగానే ఖాళీయైనవి. దానినుండి మన నమూనా మరియొకటి పుట్టలేదు. జాతీయ విమానశోధనాలయమువారి పదునాలుగాసనముల సరస్ 2004లో ఎగిరినది. 2009 మార్చి 6న బెంగుళూరు దాపున కూలి ముగ్గురు మరణించిన పిదప ఆ యత్నము ఏండ్లకేండ్లు చల్లబడినది. ప్రాణములర్పించిన పనిని అట్లు విడిచిపెట్టుట వారికి చేసిన గౌరవము కాదు.

కావున మేము ఒప్పందమును కాదనము; అందలి షరతులను అడుగుచున్నాము. ఇంజను లోహవిద్యను, నమూనాను మార్చు హక్కును వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను. తెచ్చిన భాగములకు మరలు బిగించుటను స్వదేశీ నిర్మాణమని పిలువరాదు. మొదటి విమానము సిద్ధమైననాడు దానిని బెంగుళూరు చల్లగాలిలో ఎగురవేసి చప్పట్లు కొట్టించుకొనుట చాలదు. నూరుమంది బరువుతోను, ఢిల్లీకి చాలినంత చమురుతోను, మే నెల మధ్యాహ్నము రెండు గంటలకు ఓర్వకల్లులో దానిని లేపి చూపవలెను.