మత్తుమందు - దాచరాని మాట



గతమాసమున మా పామూరులో పొరుగింటి పిన్నిగారు మమ్ము పిలిపించిరి. బాబాయిగారి కాలేయములో చిన్న కాన్సరు గడ్డ కలదట. పొట్ట కోయక, చర్మముగుండ సూది దింపి వేడిచే గడ్డను మాడ్చెదమని పట్టణపు వైద్యులు చెప్పిరట. "సూదికి భయపడనే అమ్మాయీ! నిద్రపుచ్చి మళ్లీ లేపలేకపోతేనో?" అని ఆమె కన్నీరు పెట్టుకొనిరి.

ఈ భయము నేటిది కాదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున లారీ అను వైద్యుడు, నిజాము ప్రభుత్వపు సాయముతో, క్లోరోఫారముపై రెండు పరిశోధక సంఘములను నడిపెను. శ్వాసను కనిపెట్టియున్న చాలును, గుండెకు భయములేదని ఆ సంఘములు తేల్చెను. ఆయనవద్ద చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ మందిచ్చుటలో పేరుగన్న స్త్రీ. కాని క్లోరోఫారముచే గుండెయే హఠాత్తుగ ఆగవచ్చునని 1911లో లీవీ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండున నిరూపించెను. అది కాలేయమునకును చెరుపు చేయునదే. నేడు దానిని వాడరు.

ఇప్పుడు మందులను నరములోనికి ఎక్కించెదరు. ప్రొపొఫాల్ త్వరగ నిద్రపుచ్చి త్వరగ విడుచును. కాని నొప్పి నణపదు, రక్తపుపోటును శ్వాసను తగ్గించును. ఫెంటనిల్ నొప్పి నణచును; అదియు శ్వాసను మందగింపజేయును. డెక్స్‌మెడిటోమిడిన్ శ్వాసను అంతగ బాధింపదు, పిలిచిన పలుకునంత తేలికనిద్ర నిచ్చును. అయితే గుండెవేగమును తగ్గించును. ఒక్కదానినే అధికముగ నిచ్చుటకంటె రెండింటిని కొలదికొలదిగ జతచేయుటలోని మర్మ మిదియే. ఊపిరితోబాటు కాలేయమును కదలును గనుక, గురి తప్పకుండ రోగి నిశ్చలముగ నుండవలెను. ఏ జత తగునో రోగి దేహస్థితినిబట్టి మత్తువైద్యుడు నిర్ణయించును.

ఇది విని పిన్నిగారు గొంతు తగ్గించిరి. బాబాయిగారు ప్రతిరాత్రియు త్రాగుదురట, పసరుమందును పుచ్చుకొనుచున్నారట. పరువుపోవునని వైద్యులకు చెప్పలేదట!

అమ్మలారా, ఈ మందులలో పెక్కింటిని విరిచి వెడలించునది కాలేయమే. అది చెడియున్నచో మత్తు విడుచుట ఆలస్యమగును. త్రాగుడు అలవాటైనవారికి మోతాదు మారును. హఠాత్తుగ మానినచో వణుకు, మతిభ్రమ కలుగవచ్చును. ఆ సంగతి తెలియని వైద్యుడు చీకటిలో నడచువాడే.

మేము అన్నియు కాగితముపై వ్రాసియిచ్చితిమి. పిన్నిగారు భర్తయెదుటనే ఆ కాగితమును మత్తువైద్యుని చేతికిచ్చిరి. ఆయన కోపింపక, మంచిపని చేసితిరనెను. చికిత్సనాటి సాయంకాలము బాబాయిగారు కన్నుతెరచి మొదట మంచినీళ్లడిగిరట, పిమ్మట కాగిత మెవరు వ్రాసిరనిరట!

త్రాగుడు, పొగ, మాత్రలు, పసరులు, కడపట భుజించిన వేళ, మునుపు మత్తుమందు పడని సంగతి: వీనిని వైద్యునికి చెప్పుట భర్తపరువు తీయుట కాదు, ప్రాణము కాచుట.