డబుల్స్ రెండో రకం ఆటా?
సానియా మీర్జా పేరెత్తగానే ‘సింగిల్స్‌లో నిలబడలేక డబుల్స్‌కు వెళ్లింది’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట నాకు బొత్తిగా మింగుడుపడదు. 2005లో సొంతూరు హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన అమ్మాయి, 2007లో ప్రపంచ సింగిల్స్ ర్యాంకుల్లో 27కు చేరింది. ఆ మెట్టు మన దేశంలో మరే మహిళా ఎక్కలేదు. మణికట్టుకు శస్త్రచికిత్స, మోకాళ్ల నొప్పులు ఆమెను ఒక నిర్ణయానికి నెట్టాయి. ఒంట్లో మిగిలిన సత్తువను ఎక్కడ పెడితే ఫలితం ఉంటుందో లెక్కగట్టుకుని డబుల్స్‌ను ఎంచుకుంది. అది ఓటమి కాదు, తన ఆటను తాను బాగా ఎరిగిన మనిషి చేసే పని. మార్టినా హింగిస్‌తో ఆమె జోడీ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: వెనకనుంచి సానియా ఫోర్‌హ్యాండ్ ప్రత్యర్థుల్ని అటూ ఇటూ చెదరగొడితే, నెట్ దగ్గర హింగిస్ ఆ ఖాళీలోకి బంతిని దించేసేది. వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. వింబుల్డన్, యూఎస్, ఆస్ట్రేలియన్ ఓపెన్లు వాళ్ల ఖాతాలో చేరాయి. మిక్స్‌డ్‌లోని మూడూ కలిపితే సానియావి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు. ఇంత ఆడినా మనవాళ్లు ఆమె స్కర్టు గురించీ పెళ్లి గురించీ మాట్లాడినంతగా ఆ ఫోర్‌హ్యాండ్ గురించి మాట్లాడలేదు, అదే నా బాధ. బిడ్డను కన్నాక 2020 జనవరిలో తిరిగొచ్చిన తొలి టోర్నీలోనే, హోబర్ట్‌లో, ఆమె డబుల్స్ టైటిల్ గెలిచింది. ఆ వారం మన పత్రికల మొదటి పేజీల్లో ఉండాల్సింది ఆ వార్తే.