నాలుకకు పియర్సింగా? ముందు క్యాలెండర్ చూడండి

ఆదివారం సాయంత్రం వాడరేవు బీచ్‌లో కనుబొమ్మకు రింగు పెట్టుకుని తిరిగినా ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు. రీల్స్ పుణ్యమా అని మోజు నాలుక దాకా వచ్చింది. అందులో ఒక రకం ‘స్నేక్ ఐస్’. నాలుక కొనలో అడ్డంగా కడ్డీ దూర్చి, రెండు చివరలా పూసలు పాము కళ్లలా కనిపించేలా పెడతారు. మీకూ ఆ ఆలోచన ఉందా? వద్దని క్లాసు పీకను. ప్లేస్‌మెంట్స్ ముందున్న వాళ్లు మాత్రం ఈ లెక్కలు చూసుకోండి.

తిరుచ్చి చెప్పిన పాఠం

2024 డిసెంబరులో తమిళనాడులోని తిరుచ్చిలో ఒక టాటూ షాపు యజమానిని, అతని సహాయకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. వైద్య అర్హత లేకుండా నాలుక కొనను రెండుగా చీల్చే ఆపరేషన్లు చేశారన్నది ఆరోపణ. కార్పొరేషన్ షాపుకు సీలు వేసింది. పియర్సింగ్ అంత పెద్ద పని కాదు, నిజమే. కానీ సమస్య ఒకటే: సూది పట్టే మనిషికి ఏం వచ్చో ముందుగా తనిఖీ చేసేదెవరు? టాటూ, పియర్సింగ్ షాపుల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. గోడకున్న ట్రేడ్ లైసెన్సు వ్యాపారానికే, ఆ మనిషి చేతి పనికి హామీ కాదు. కాబట్టి ఆ తనిఖీ మీరే చేయాలి.

ఆటోక్లేవ్ ఉందా? సూది మీ ఎదుటే కొత్త ప్యాకెట్ నుంచి తీస్తున్నారా? నగ ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియమేనా? జవాబుల్లో తడబాటు కనిపిస్తే లేచి వచ్చేయండి.

‘మనకు నారసాలు లేవా?’

వీరభద్రుడి సంబరాల్లో నాలుకకు, బుగ్గలకు నారసాలు పొడుచుకోవడం మన దగ్గర పాత ఆచారమే. కానీ నారసం మొక్కు తీరగానే తీసేస్తారు. ఈ కడ్డీ నోట్లోనే ఉండిపోతుంది. పళ్లకు తగిలి తగిలి అంచులు విరుగుతాయి, చిగుళ్లు కిందికి జారతాయి. అందుకే అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నోటి పియర్సింగ్ వద్దనే చెబుతోంది.

ఇక మాట సంగతి. ‘వాడరేవు’ అని ఒకసారి పలికి చూడండి. ‘డ’ దగ్గర నాలుక కొన పైకి, వెనక్కి మడత పడుతుంది. ట, డ, ణ, ళ అన్నీ అంతే. స్నేక్ ఐస్ కడ్డీ సరిగ్గా ఆ కొననే బిగించేస్తుంది. విదేశాల్లో చాలామంది నిపుణులు ఈ రకం చేయడానికి ఒప్పుకోకపోవడానికి అదొక కారణం.

ఆరు వారాలు పక్కన పెట్టండి

మధ్యలో నిలువుగా కుట్టించుకునే మామూలు రకానికే మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం నాలుక వాస్తుంది, మాట ముద్దగా వస్తుంది. వాపు కోసం ముందు పొడవు కడ్డీ వేస్తారు. తగ్గాక పొట్టిది మార్పించుకోవాలి, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి. అన్నాళ్లూ గుంటూరు కారం, ఆవకాయ, సిగరెట్, మందు బంద్. పెరుగన్నం, చల్లని మజ్జిగే గతి. సముద్ర స్నానం కూడా వద్దు. వచ్చే నెల గ్రూప్ డిస్కషన్, హెచ్ఆర్ రౌండ్ ఉన్నవాళ్లకు ఇది సమయం కాదు.

గుండె కవాటాల సమస్య, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. నాలుక కింద నుంచి మెడ దాకా వాపు, జ్వరం, ఊపిరి ఆడకపోవడం ఉంటే షాపుకు ఫోన్ చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంకోటి, పియర్సింగ్ చేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదు. ఎన్ఎస్ఎస్ వాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగం ఇవ్వరా?

కోడ్ రాసే ఉద్యోగంలో నాలుక ఎవరికీ కనిపించకపోవచ్చు. కేబిన్ క్రూ, హోటళ్లు, యూనిఫాం సర్వీసుల్లో ఒంటి మీద కనిపించే ప్రతిదానికీ నిబంధన ఉంటుంది. అప్లికేషన్‌కు ముందే నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. ఇంటర్వ్యూ రోజు తీసేస్తే సరిపోతుందిలే అనుకోకండి. కొత్త రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది.

ఆఫర్ లెటర్ వచ్చాక, జాయినింగ్‌కు కనీసం రెండు నెలలు ఉందనుకోండి. అప్పటికీ ఇష్టం అలాగే ఉంటే, మంచి షాపు వెతుక్కోండి. ఈలోగా ఒక డెంటిస్టుకు నోరు చూపించండి.