వేసవి టోపీ

బళ్ళారి నుంచి ఒక సోదరి యిలా వ్రాశారు: "ఎండకు తాళలేక ఒక టోపీ కొన్నాను. అది పెట్టుకుని కూరలకు బయలుదేరితే మా అత్తగారు 'దొరసానమ్మ దిగింది' అని నవ్వారు. మళ్ళీ పెట్టుకోవటానికి మనసొప్పటం లేదు. ఆడవాళ్ళకు టోపీ బాగుండదంటారా?"

చాలామందికి బాగుండని మాట నిజమే. కారణం ఒక్కటే. దుకాణంలో కంటికి నచ్చినది కొంటారుగాని, తలకు పెట్టి అద్దంలో చూచి కొనరు. చీర కొనేటప్పుడు పది చీరలు విప్పించి చూచే మనం టోపీ దగ్గరకు వచ్చేసరికి మొగమాటపడతాం.

మన భాషలో కూడా టోపీకి మంచిపేరు లేదు. టోపీ పెట్టాడంటే మోసం చేశాడని అర్థం! అయినా వరినాట్లలో తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకున్న ఆడకూలీలను చూచి ఎవరూ నవ్వలేదు. (పర్లాకిమిడిలో వుండిన రామమూర్తి పంతులుగారి యింటిపేరు ఆ గిడుగే.) దొరలు గొప్పగా పెట్టుకు తిరిగిన సోలా టోపీ మాత్రం ఎక్కడిది? మన చెరువులలో పెరిగే నీటి జీలుగు బెండుతో చేసినదే. మనం ఆ బెండుతో పూలు, బొమ్మలు చేసుకున్నాం, వాళ్ళు టోపీ చేసుకున్నారు. కనుక అత్తగారితో ఆ మాట చెప్పి చూడండి.

యిక అవసరం సంగతి. బళ్ళారి, షోలాపురం, బరంపురం సోదరీమణులకు ఎండను గురించి నేను చెప్పనక్కరలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా పోయారు. అంతదాకా రాకపోయినా, ముప్పయి దాటిన ఆడవారిలో ఎంతోమందికి బుగ్గలమీద, నుదుటిమీద మంగు వస్తుంది. కానుపుల తరువాత కనిపించే ఆ మచ్చ ఎండతగిలిన కొద్దీ ముదురుతుంది. వందలు పోసి పూతలు కొని, ఎండలో వట్టి తలతో తిరిగితే ఆ డబ్బు దండుగే.

కొంగు కప్పుకుంటే చాలదా అని అడిగేవారున్నారు. కొంగు మాడును కొంత కాపాడుతుంది. ముఖానికి నీడ యివ్వదు. పైగా పలుచని చీరలోంచి ఎండ దిగుతుంది, చెమటకు తడిస్తే మరీను. గొడుగు మంచిదే, నేను కాదనను. కాని ఒక చేతిలో సంచీ, యింకో చేతిలో పిల్లవాడి చెయ్యి వుంటే గొడుగు పట్టేదెవరు?

టోపీ ఎంచుకోవటంలో మొదట చూడవలసినది అంచు. చుట్టూ అంచు వుండాలి. ముందు మాత్రమే తొర్ర నాలుకలాగా పొడుచుకు వచ్చే కుర్రవాళ్ళ టోపీలు చెవులకు, మెడకు పనికిరావు. అంచు వెడల్పు 7.5 సెంటీమీటర్లు వుంటే మేలని చర్మవైద్యులు చెబుతారు. టేపు దగ్గర లేకపోతే నాలుగువేళ్ళు ఆనించి చూడండి, వేళ్ళు దాటి కాస్త మిగలాలి. ఎండ అంటే భయమని మరీ చాట అంత అంచు వద్దు. గాలికి లేస్తుంది, బస్సులో పక్కవాళ్ళ కంట్లో గుచ్చుకుంటుంది. పొట్టివారు పెట్టుకుంటే పుట్టగొడుగు నడిచి వస్తున్నట్టు వుంటుంది. అంచు భుజాలు దాటకూడదని గుర్తు. గుండ్రని ముఖానికి బుర్ర కొంచెం ఎత్తుగా వున్న టోపీ నప్పుతుంది. కోలముఖానికి బుర్ర పొట్టిగా, అంచు కొంచెం కిందికి వాలినది అందం.

తరువాత అల్లిక. టోపీని దీపానికో కిటికీకో ఎదురుగా ఎత్తి లోపలినుంచి చూడండి. జల్లెడలాగా చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే ఎండ కూడా ఆ దారినే వస్తుంది. చిల్లులల్లిక చూడటానికి నాజూకుగా వుంటుంది, సాయంత్రం షికారుకు సరే, పదిగంటల ఎండకు చాలదు. తాటాకు, గడ్డి, ముతక నూలుగుడ్డ యీ మూడూ మన ఎండలకు మంచివి. ప్లాస్టిక్ నారతో అల్లినవాటిలో గాలి ఆడక తల వుడికిపోతుంది. గడ్డి అని చెప్పి కాగితపు పురి అల్లినవి కూడా అమ్ముతారు. అవి చౌక, పొడి ఎండలో పనిచేస్తాయి, ఒక్క వానకు మెత్తబడి ఆకారం పోతుంది. పనామా టోపీ అని బోర్డు చూచి మురిసిపోకండి. అసలు పనామా టోపీ పుట్టినది పనామాలో కాదు, ఈక్వడార్‌లో. పనామా రేవుమీదుగా లోకానికి వెళ్ళటంవల్ల ఆ పేరు వచ్చింది. అక్కడి అల్లికను 2012లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అసలుది చాలా ఖరీదు, కూరల బజారుకు తాటాకు చాలు.

మన ఆడవారికి వున్న అసలు చిక్కు జుట్టు. యీ టోపీలు కుట్టేవారికి కొప్పు, జడ, పూలు గుర్తుండవు. అందుచేత కొలత తీసుకునేటప్పుడు రోజూ ఎలా దువ్వుకుంటారో అలాగే దువ్వుకుని తీసుకోవాలి. టేపును నుదుటి మధ్యగా, చెవులకు కొంచెం పైగా, వెనక తల వుబ్బుమీదుగా తిప్పండి. చాలామంది స్త్రీలకు 55 నుంచి 58 సెంటీమీటర్ల లోపల వస్తుంది. పెట్టుకున్న తరువాత లోపలికి ఒక వేలు దూరాలి. దూరకపోతే గంటలో తలనొప్పి. కొప్పు మెడమీదికి దించి ముడిస్తే గట్టి అంచు వెనక తగిలి టోపీ ముక్కుమీదికి జారుతుంది. అటువంటివారు వెనక అంచు మెత్తగా వంగేది తీసుకోవాలి. పూలు టోపీ కింద, మెడ దగ్గర పెట్టుకోండి, నలగవు. నడినెత్తిన ఖాళీ వుండి ముందు నీడ మాత్రం యిచ్చేవి కొనవద్దు. పాపిట దగ్గర చర్మం ఎంత మండుతుందో జుట్టు పలుచబడిన పెద్దవారిని అడగండి.

రంగు పైన లేతగా వుండాలి. అంచు అడుగుభాగం ముదురురంగయితే నేలమీదనుంచి వచ్చే జిగజిగ కళ్ళకు తగలదు. గడ్డి సహజవర్ణం ఏ చీరకైనా కలుస్తుంది. సొగసు కావాలంటే పాత నూలుచీర అంచు రెండువేళ్ళ వెడల్పున కత్తిరించి బుర్ర చుట్టూ పట్టీగా చుట్టి, చెవి పక్కన ముడివేయండి. నాలుగు పట్టీలు దాచుకుంటే ఒక్క టోపీ నాలుగు టోపీలవుతుంది. జరీ అంచు వద్దు, చెమటకు నల్లబడుతుంది. లోపల నుదురు తగిలేచోట మన పద్మశాలీలు నేసే షోలాపురం తువాలు పాతది వుంటే దాని ముక్క టాకాలు వేసి, వారానికొకసారి విప్పి వుతకండి. గాలికి పోకుండా నూలు నాడాలు రెండు కుట్టి, గడ్డం కిందకన్నా కొప్పు కింద కట్టుకుంటే బాగుంటుంది.

టోపీ వుంది కదా అని మధ్యాహ్నం పన్నెండుకు బయలుదేరవద్దు. నీళ్ళసీసా, మజ్జిగ మామూలే. ఎండలో మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్ళంతా తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

యింట్లో ఒక్క టోపీయే కొనగలిగితే అది పెద్దవారికి కొనండి. వడదెబ్బ వారికే తొందరగా తగులుతుంది. బళ్ళారి సోదరి తన టోపీకి అత్తగారి పాతచీర అంచు పట్టీగా కట్టి, ముందు ఆవిడ తలమీదే పెట్టి చూడవచ్చు.

టోపీని బుర్ర పట్టి ఎత్తితే అక్కడ నలిగి చిట్లుతుంది, అంచు పట్టి ఎత్తండి. మేకుకు తగిలించక, బోర్లించక, వెల్లకిలా పెట్టండి. వానలు మొదలుకాగానే ఒకరోజు నీడన ఆరబెట్టి, బుర్రలో కాగితాలు కూరి, ఎండు వేపాకు వేసి గుడ్డలో చుట్టి దాస్తే మరుసటి వేసవికి వస్తుంది.