మన మున్సిపల్ బడ్జెట్ లెక్క మనమే అడుగుదాం
(మాడభూషి అనంతశయనం అయ్యంగారి జయంతి సందర్భంగా పలమనేరు పట్టణ ప్రజలకు విన్నపం)



ఫిబ్రవరి 4 అనంతశయనం అయ్యంగారి జయంతి. 1891లో తిరుచానూరులో పుట్టిన మన సీమ మనిషి ఆయన. లెక్కల మాస్టారుగా మొదలై వకీలయ్యారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయారు. 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. 1956 నుంచి 1962 దాకా స్పీకరుగా ఉన్నారు. పటానికి దండ వేసి ఇండ్లకు పోయేటట్లయితే ఈ కరపత్రం వేయాల్సిన పని లేదు. ఆయన చేసిన ఒక పని ఈరోజు పలమనేరుకు అవసరం. అందుకే ఇది మీ చేతిలో పెడుతున్నాం.

1950లో పార్లమెంటులో అంచనాల సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు అయ్యంగారే. ఏ శాఖ ఎంత డబ్బు అడిగింది, దేనికి అడిగింది, అదే పని తక్కువ ఖర్చుతో చేయలేరా అని కాగితాలు ముందు పెట్టుకుని ఆరా తీయడమే ఆ సంఘం పని. అప్పుడు దిల్లీలో అధికారంలో ఉన్నది ఆయన సొంత పార్టీ. అయినా లెక్క అడగడం పార్టీకి ద్రోహమని ఆయన అనుకోలేదు. ఆయన స్పీకరుగా ఉన్నప్పుడే, 1957 డిసెంబరులో, ఎల్ఐసీ సొమ్ము ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలోకి ఎట్లా పోయిందని ఫిరోజ్ గాంధీ సభలో నిలదీశారు. అడిగింది పాలక పక్షం సభ్యుడు, పైగా ప్రధానమంత్రి అల్లుడు. దాంతో 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. సభలో నోరు తెరిచి అడిగే వీలుంటే ఎంత పెద్ద కుర్చీ అయినా బదులు చెప్పక తప్పదు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం.

ఇంటి పన్ను అని ఒక్క మాటతో మనం కట్టేస్తాం. ఆ పన్నులో నీళ్లకు, మురుగుకు, వీధి దీపాలకు, చెత్త ఎత్తడానికి వేరువేరుగా వేసే భాగాలుంటాయి. పైన గ్రంథాలయ సెస్సు. ఆరు నెలలకొకసారి కడతాం, రసీదు మడిచి బీరువాలో పెడతాం. ఆ రసీదును ఒక్కసారి బయటికి తీసి, దాన్ని పట్టుకుని మీ వీధిలో నడవండి. దీపానికి కట్టినాం, స్తంభం మీద దీపం వెలుగుతోందా? మురుగుకు కట్టినాం, కాలువలో తీసిన పూడిక గట్టు మీదే పడి ఉండి మళ్లీ వానకు అందులోకే జారిపోతోందా? కొళాయి దగ్గర ఆడవాళ్లు ఎంతసేపు బిందెలు వరస పెట్టుకుని నిలబడుతున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు బడ్జెట్ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మనలో ఎంతమంది చూసినాం?

పక్కనున్న పల్లెల్లో చట్టం ప్రకారం గ్రామసభ పెట్టాల. కూలికి పోయే మనిషి కూడా లేచి సర్పంచిని లెక్క అడగొచ్చు. అక్కడ ఆ సభలు ఎంత సక్రమంగా జరుగుతున్నాయన్నది వేరే సంగతి, హక్కయితే ఉంది. ఊరు పెరిగి మున్సిపాలిటీ అయ్యేసరికి మనకు ఆ సభ లేకుండా పోయింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనకు అయిదేళ్ల గడువు పెట్టింది, 18 అంశాల జాబితా ఇచ్చింది. వార్డు కమిటీలను మాత్రం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి చేసింది. 2011 లెక్కల్లో మన జనాభా 54 వేల పైచిలుకు. అంటే మనలాంటి ఊరికి ఆ కమిటీ పెట్టి తీరాలన్న నిబంధన రాజ్యాంగంలో లేదు. పెట్టుకోకూడదని కూడా ఎక్కడా లేదు.

కౌన్సిలరు ఉన్నాడు కదా, ఆయనే చూసుకుంటాడులే అంటారా? ఉండాలి, చూసుకోవాలి. కానీ 2019 జూలైలో రాష్ట్రంలో పురపాలక సంఘాల గడువు ముగిసింది. మళ్లీ పోలింగు 2021 మార్చి 10నే. 2020లో మొదలైన ఎన్నికలు కరోనాతో మధ్యలో ఆగిపోయినాయి. దాదాపు 20 నెలలు ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. కాలువ పొంగితే ఎవరి ఇంటి తలుపు తట్టాలో తెలియని రోజులవి. వార్డులో జనం కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఉంటే, కౌన్సిల్ ఉన్నా లేకున్నా మన మాట ఆఫీసుకు చేరుతుంది.

కాబట్టి మేము కోరేది ఇది. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. ఆలోగా మున్సిపల్ బడ్జెట్ ఆమోదం పొందాలి. ఆమోదానికి ముందే ఆ ముసాయిదాను తెలుగులో, అందరికీ అర్థమయ్యేటట్లు, వార్డువారీగా నోటీసు బోర్డులో పెట్టాలి. ప్రతి వార్డులో ఒక సాయంత్రం సభ పెట్టి, కౌన్సిలరూ అధికారులూ వచ్చి వినాలి. టమోటా మార్కెట్టుకు తెల్లారకముందే పోయే హమాలీ, మట్టి పని చేసే కుమ్మరి, పారిశుధ్య కార్మికుడు కూడా రాగలిగే వేళకు పెట్టాలి. పగలు 11 గంటలకు పెట్టే సభ ఉద్యోగం లేనివాళ్లకూ పార్టీల వాళ్లకూ మాత్రమే పనికొస్తుంది.

ఆ లెక్కలు ఇవ్వకపోతే అడిగే దారి కూడా ఉంది. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం బడ్జెట్ వివరాలను ఎవరూ అడగకుండానే కార్యాలయం బయటపెట్టాలి. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. మీ వీధిలో చదువుకున్న పిల్లలు ఉంటే ఒక్కో వార్డుకు ఒక్క దరఖాస్తు రాయించండి.

ఇందులో ఏ పార్టీకీ వత్తాసు లేదు. ఏ నాయకుడి మీదా కక్ష లేదు. జెండాలు, కండువాలు ఇంట్లో పెట్టి రండి.

వినతిపత్రం ఆఫీసు వేళలోనే ఇవ్వాలి కాబట్టి, ఫిబ్రవరి 4 ఉదయం 10 గంటలకు మున్సిపల్ కార్యాలయం దగ్గర కలుద్దాం. అయ్యంగారి పటానికి దండ వేసి, కమిషనరుగారికి వినతిపత్రం ఇద్దాం. మీ ఇంటి పన్ను రసీదు వెంట తెచ్చుకోండి. మీ వీధి సమస్యను ఒక తెల్లకాగితం మీద రాసి, వార్డు నంబరు వేసి, కింద ఇరుగుపొరుగు సంతకాలు పెట్టించి తీసుకురండి. సంతకం రానివాళ్ల వేలిముద్ర కూడా వేయించండి.

ఇట్లు,
పలమనేరు పట్టణ పౌరులు